బగ్లిహార్ గేట్ల తగవు

1948 ఏప్రిల్ 1వ తేదీన తూర్పు పంజాబు అధికారులు ఫిరోజ్‌పూరు హెడ్‌వర్క్సు వద్ద గేట్లు దింపి, సరిహద్దు దాటి పోవు కాలువకు నీరు ఆపివేసిరి. చేలొక దేశమునను తూములొక దేశమునను పడునట్లు అంతకు ఏడెనిమిది నెలల క్రిందట గీత గీయబడుటయే ఈ తగవునకు మూలము.

ప్రపంచ బ్యాంకు ఇందు ప్రవేశించినది న్యాయాధిపతిగా కాదు. సింధు నదీవ్యవస్థనంతను ఉమ్మడిగా నడుపుకొనుడని మొదట చెప్పి చూచి, అది పొసగకపోగా, రావి, బియాసు, సట్లెజులు భారతమునకును, సింధు, జీలము, చీనాబులు పాకిస్తానునకును చెందునట్లు నదులనే పంచుకొనుడని 1954లో ప్రతిపాదించెను. అయితే తూర్పు నదులపై బ్రదికిన పాకిస్తాను పొలములకు పడమటి నీరు తేవలెనన్న లింకు కాలువలు త్రవ్వవలెను; వానికి సొమ్ము కావలెను. భారతదేశము పది వార్షిక వాయిదాలలో 6,20,60,000 పౌండ్లిచ్చుటకు ఒప్పుకొనగా, బ్యాంకు తానును అప్పిచ్చి, ఇతర దేశములచేతను ఇప్పించెను. 1960 సెప్టెంబరు 19న కరాచీలో సింధు జలముల ఒప్పందముపై నెహ్రూ, ఆయూబ్ ఖానుల సరసన బ్యాంకు ఉపాధ్యక్షుడు ఇలిఫ్ కూడ సంతకము చేసెను. మధ్యవర్తి మూట విప్పనిదే ఈ పంపకము జరిగెడిది కాదని నా నమ్మకము.

1965, 1971 యుద్ధములకు చెక్కుచెదరని ఆ ఒప్పందమును, పహల్గాం హత్యాకాండానంతరము, 2025 ఏప్రిల్‌లో భారతప్రభుత్వము నిలుపుదలలో ఉంచినది. అంతకు పూర్వము అది పనిచేసిన తీరు తెలియుటకు చీనాబుపై కట్టిన బగ్లిహార్ ఆనకట్ట ఉదంతము చాలును.

హిమాలయనదులు కొండలను అరగదీసి యిసుకను, ఒండ్రును మోసుకొనివచ్చును; ఆనకట్ట వెనుక వేగముడిగిన నీరు ఆ బరువును దింపివేయగా జలాశయము మేటవేయును. దానిని క్రిందినుండి కడిగి పంపుటకు లోతున గేట్లుండవలెనని మన ఇంజనీర్ల వాదము. కాని ఆ గేట్లే విత్తుకాలమున మూసి, వరదకాలమున తెరచిన మా గతియేమని పాకిస్తాను శంక. ఎగువవానికి చీపురైనది దిగువవానికి పీకమీది చేయిగా తోచెను. 2005లో బ్యాంకు తటస్థ నిపుణునిగా నియమించిన స్విట్జర్లాండు ఇంజనీరు రేమండ్ లఫీట్, దేశభక్తి కొలతలకు లొంగదు గనుక కాబోలు, ఒండ్రును, వరదను, ఎత్తును మాత్రమే కొలిచెను. 2007 ఫిబ్రవరి 12న వెలువడిన నిర్ణయమున గేట్లు నిలిచినవి. ఆనకట్ట ఎత్తు ఒకటిన్నర మీటరు తగ్గినది. విద్యుత్కేంద్రమునకు నీరు తీయు ద్వారము మూడు మీటర్లు పైకి జరిగినది. వాడకపు నిలువ 3.75 కోట్ల ఘనపు మీటర్లనుండి 3.256 కోట్లకు దిగినది. కృష్ణాజలములపై బచావత్ ట్రిబ్యునలువారి 811 టి.ఎం.సి.లు కంఠస్థమైన మనకు ఈ తగ్గింపు టి.ఎం.సి.లో అయిదవవంతైనను కాదన్న నవ్వు రావచ్చును. తీర్పు విని ఉభయ ప్రభుత్వములును గెలుపు తమదేయని ప్రకటించుకొన్నవి.