చెప్పుకోలేని వారి పంటి నొప్పి

వేపపుల్ల నమలండి, నువ్వులనూనె పుక్కిలించండి అని వైద్యులము అందరికీ చెప్పుచుందుము. నమలలేని వారు, ఉమ్మలేని వారు ఏమి చేయవలెనో చెప్పుట అరుదు.

కొన్నేండ్ల క్రితము ఒక తల్లి సెరిబ్రల్ పాల్సీ గల తొమ్మిదేండ్ల కుమారుని నా వద్దకు తెచ్చినది. వారము రోజులుగా బాలుడు అన్నము ముట్టడు, రాత్రి నిద్రించడు, చెంప మీద కొట్టుకొనును. ఇంటివారు మొండితనమనుకొన్నారు, నేను అగ్నిమాంద్యమనుకొన్నాను. టార్చిలైటు వేసి నోరు చూడగా క్రింది దవడపన్ను లోపలి దాకా పుచ్చి ఉన్నది. అంతకు ముందు కొన్ని నెలలు దగ్గుకని సితోపలాది చూర్ణమును తేనెతో రాత్రి పడుకొనబోవునపుడు నాకించమన్నది నేనే. ఆ చూర్ణములో సగము పటికబెల్లమే. మింగుడు సరిగా లేని నోట ఆ తీపి తెల్లవార్లూ నిలిచినది. పుచ్చు అంతటికీ అదే కారణమనను గాని, నా పాలు లేదనలేను. దంతవైద్యుడు పన్ను తీసిన రెండవనాటికి బాలుడు అన్నము తిన్నాడు. నాటి నుండి ఇట్టి పిల్లలకు తీపి మందును పగటిపూటకు మార్చి, వెంటనే తడిగుడ్డతో పండ్లు తుడవమనుచున్నాను.

దంతధావనమును విధించిన సుశ్రుతుడు, వాగ్భటుడు, ముఖ పక్షవాతమైన అర్దితము, దగ్గు, ఆయాసము, వాంతులు గలవారికి పుల్ల కూడదని కూడ చెప్పినారు. నూనె పుక్కిలింతకూ ఇదే న్యాయమని నా అభిప్రాయము. మింగుడుపై అదుపు లేనివారి నోట నూనె పోసినచో ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా రాగలదు. ఎవరు చెప్పినా పోయవద్దు.

తోమునపుడు వెల్లకిల పరుండబెట్టరాదు. కుర్చీలో కూర్చుండబెట్టి, మీరు వెనుక నిలిచి, తలను మీ పొట్టకు ఆనించుకొని, ఎడమచేతితో గడ్డమును పట్టుకొనవలెను. తల వెనుకకు వాలరాదు. మెత్తని చిన్న బ్రష్షుపై బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టు చాలును. (మా గురువుగారు వింటే ఏమందురో గాని, పుచ్చును ఆపుటలో దాని మేలు కాదనలేము.) పుక్కిలించనక్కరలేదు; నురుగును నూలుగుడ్డతో తుడిచివేయండి. పండ్ల నడుమ వ్రేలు పెట్టవద్దు, తెలియకుండానే కరతురు. ఒక్కసారి అన్నీ తోమనీయకున్న కొంత విరామమిచ్చి మిగిలినవి తోమండి. రాత్రి తోముట మాత్రము మానవద్దు. చేతిపట్టు లేని పెద్దలకు రబ్బరు బంతికి రంధ్రము చేసి బ్రష్షు పిడిని అందులో దూర్చి ఇచ్చినచో చాలామంది తామే తోముకొందురు. ఆ స్వాతంత్ర్యము చిన్నది కాదు.

మూర్ఛలకు ఫెనిటోయిన్ వాడువారిలో కొందరికి చిగుళ్లు పెరిగి పండ్లను కప్పును. భయపడి మందు ఆపరాదు. ఆపిన మూర్ఛలు ముదురును. పాచి చేరనీయకున్న ఆ పెరుగుదల తగ్గును. మందు రాసిన వైద్యునికి తెలియజేయండి. డౌన్ సిండ్రోమ్ గలవారికి చిగుళ్ల వ్యాధి చిన్నవయసుననే రావచ్చును. వారిలో చాలామందికి పుట్టుకతో గుండెలోపము కూడ ఉండును గనుక పన్ను తీయించుటకు ముందే దంతవైద్యునికి ఆ మాట చెప్పవలెను.

వారమునకొకసారి పగటి వెలుగులో పెదవి ఎత్తి చూడండి. చిగురు వద్ద తెల్లని సున్నపు చార, నల్లమచ్చ, చీముపొక్కు కనబడినా, బిడ్డ ఒక వైపే నమలుచున్నా, ఇష్టమైన పదార్థమును త్రోసివేయుచున్నా, అలకయని సరిపెట్టుకొనక ముందు నోరు చూపించండి.