లైటు చుట్టూ తిరిగేవి ఉసిళ్లా, రెక్కల చీమలా?

తొలకరి వాన పడిన రాత్రి లైటు చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటాయి. పొద్దున ఊడ్చేసి మర్చిపోతాం. మా ఇంట్లో రెండేళ్లు చీమలే అనుకున్నాం, దర్వాజ మార్చాల్సి వచ్చాక గానీ తెలియలేదు అవి ఉసిళ్లని. అంటే రెక్కలొచ్చిన చెదలు, ఉర్దూలో దీమక్.

ఒకదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ముందు నడుము. చీమకు నొక్కినట్టు సన్నగా ఉంటుంది. ఉసిలికి నడుమే కనిపించదు, ఒళ్లంతా ఇంచుమించు ఒకే లావు. చీమ మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, ఉసిలివి పూసలు గుచ్చిన దారంలా ఉంటాయి. రెక్కలు రెండింటికీ నాలుగే. కాకపోతే ఉసిలికి నాలుగూ సమానం, ఒంటికన్నా బాగా పొడుగు. చీమకు ముందువి పెద్దవి, వెనకవి చిన్నవి.

ఉసిలి రెక్కలు ఇట్టే రాలిపోతాయి. అందుకే పురుగు దొరక్కపోయినా రెక్కలు చూస్తే చాలు. బయట నుంచి లైటుకి వచ్చినవైతే కంగారు అక్కర్లేదు. కిటికీలు మూసి ఉన్నా లోపల చౌకట్ పక్కన రెక్కలు కుప్పగా పడి ఉంటే మాత్రం చెదలు ఇంట్లోనే ఉన్నాయని అనుమానించాలి. కలపను వేళ్లతో కొట్టి చూడండి. డొల్లగా మోగితే చెదల మందు కొట్టేవాళ్లని పిలవండి. దోమల స్ప్రేతో పైకి కనిపించేవే చస్తాయి, లోపల తినేవి తింటూనే ఉంటాయి.