మీకు తెలుసా? అన్నమూ, గొల్లభామ చీరా ఒకే గ్లూకోజ్!

• సిద్దిపేట జిల్లా పొలాల్లో ఎటు చూసినా వరి, కాదంటే పత్తి. బియ్యంలోని పిండి పదార్థం, పత్తిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే. తేడా అంతా ఒక గ్లూకోజ్‌ను పక్కదానితో కలిపే బంధం ఎటు తిరిగి ఉందన్న దాంట్లోనే. పిండిలో అది ఆల్ఫా బంధం, గొలుసు మెలికలు తిరుగుతుంది. సెల్యులోజ్‌లో బీటా బంధం, గొలుసు తిన్నగా సాగుతుంది. మన ఎంజైములు ఆల్ఫాను తెంచగలవు, బీటా జోలికి పోలేవు. అందుకే అన్నం అరుగుతుంది, నూలు అరగదు. మరి సెల్యులోజ్ ఉన్న గడ్డి ఆవుకు అరుగుతోందిగా అంటారేమో! ఆ ఘనత ఆవుది కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులది.

• తలపై కుండతో గొల్లభామ బొమ్మ నేసే సిద్దిపేట నూలు చీర కట్టుకున్న గంటకే ఎందుకు నలుగుతుంది? సెల్యులోజ్ గొలుసులు పక్కపక్కన హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. చెమట తగిలితే నీటి అణువులు మధ్యలో దూరి ఆ పట్టు విడిపిస్తాయి. గుడ్డ ముడుచుకున్న చోటే ఆరితే బంధాలు అక్కడే మళ్లీ కుదురుకుంటాయి. ముడత ఖాయం! ఇస్త్రీ చేసేవాళ్లు ముందు నీళ్లు చిలకరించేది పాత పట్టు వదిలించడానికే. వేడికి నీరు ఆవిరైపోయి, చదునుగా ఉన్నప్పుడే కొత్త పట్టు పడుతుంది. గంజి పెడితే చీర బిర్రుగా నిలిచేదీ ఈ బంధాల చలవే. విడిగా చూస్తే ఒక్కొక్కటీ మహా బలహీనం, బలమంతా సంఖ్యలో ఉంది.

• నీటి అణువు తిన్నగా ఉండదు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. ఆక్సిజన్ దగ్గర బంధంలో చేరని రెండు ఎలక్ట్రాన్ జంటలు హైడ్రోజన్లను ఒకవైపు నెట్టేస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వంగినదే, నీటికన్నా దాదాపు రెట్టింపు బరువు. అయినా మైనస్ 60 డిగ్రీలకే మరిగిపోతుంది, ఎందుకంటే దానికి గట్టి హైడ్రోజన్ బంధాలు లేవు. నీటికీ అవి లేకపోతే 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయంలో చుక్క మిగలదు.

• సిద్దిపేట తడిచెత్త నుంచి బుస్సాపూర్‌లో తీసే బయో సీఎన్‌జీలో ముఖ్యమైనది మీథేన్. నాలుగు బెలూన్ల మూతులు కలిపి కట్టి చూడండి, అవి ఎలా విచ్చుకుంటాయో మీథేన్‌లో కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు అలాగే ఉంటాయి. కోణం 109.5 డిగ్రీలు. కార్బన్‌కు ఈ ఆకారం ఉందని 1874లో చెప్పిన వాంట్ హాఫ్‌కు అప్పుడు 22 ఏళ్లు. రసాయనశాస్త్రంలో మొదటి నోబెల్, 1901లో, ఆయనదే.

• కుళ్లిన చెత్త నుంచి మీథేన్ ఒక్కటే రాదు, కార్బన్ డయాక్సైడ్ కూడా వెంట వస్తుంది. దాన్ని తీసేయకుండా బండికి పనికొచ్చే గ్యాస్ తయారుకాదు. తీయడానికి ఒక పద్ధతి, ఒత్తిడితో నీళ్లలో కడగడం. కార్బన్ డయాక్సైడ్ నీటిలో బాగా కరుగుతుంది, మీథేన్ కరగడం బహు తక్కువ.