మూటకట్టిన పెరుగు: ప్రోటీన్ లెక్క

తోడు వేసినంత మాత్రాన పాలలో ప్రోటీన్ పెరగదు. 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 3.3 గ్రాముల ప్రోటీన్ ఉంటే, ఆ పాలు తోడుకున్న పెరుగులోనూ దాదాపు అంతే ఉంటుంది. ‘హై ప్రోటీన్’ అని రాసి అమ్మే చిన్న డబ్బాల పెరుగులోంచి నీళ్లు తీసేసి ఉంటారు, లేదా పాలపొడి లాంటిది కలిపి ఉంటారు. రెండూ ఇంట్లో అయ్యే పనులే. శ్రీఖండ్ కోసం మహారాష్ట్ర, గుజరాత్ ఇళ్లలో పెరుగును గుడ్డలో మూటకట్టి వేలాడదీసేది నీళ్లు తీయడానికే.

పాల ప్రోటీన్‌లో సుమారు 80 శాతం కేసిన్. తోడులోని బ్యాక్టీరియా పాల చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసిన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. నీరూ కొవ్వూ ఆ వలలో చిక్కుకుంటాయి. మిగిలిన 20 శాతం తేట ప్రోటీన్లు. పచ్చిపాలు తోడుపెడితే ఇవి చాలావరకు తేటతోనే జారిపోతాయి. పాలు బాగా కాగితే మాత్రం విచ్చుకుని కేసిన్‌ను పట్టుకుంటాయి. అందుకే పొంగు రాగానే దించేయకుండా సన్న సెగ మీద మరో పది నిమిషాలు ఉంచడం మంచిది. పెరుగు గట్టిగా తోడుకుంటుంది, వడకట్టినా ప్రోటీన్ పెద్దగా పోదు.

లీటరు టోన్డ్ పాలలో ప్రోటీన్ సుమారు 32 గ్రాములు. ఆ పెరుగును అర కిలో మిగిలేదాకా వడకడితే 100 గ్రాములకు 6 గ్రాములు వస్తుంది. కాచేముందే 50 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపితే మరో 17 గ్రాములు చేరి, లెక్క 9 దాకా వెళ్తుంది. గేదెపాలలో ప్రోటీన్ కాస్త ఎక్కువే కానీ, వడకట్టినప్పుడు వెన్న కూడా రెండింతలవుతుంది. శ్రీఖండ్‌కు అది వరమే, ఇక్కడ మాత్రం అనవసరపు బరువు.

తోడుకున్న పెరుగును పల్చని నూలుగుడ్డలో పోసి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు వదిలేయాలి. వేసవిలో బయట వేలాడదీస్తే బ్యాక్టీరియా పని ఆగదు, పెరుగు పుల్లబడుతుంది.

రుచులు కలిపేది ఆ తర్వాతే. చక్కెర పెరుగులోని నీటిని లాగి దాన్ని పల్చన చేస్తుంది కాబట్టి తక్కువే వేయాలి. అర కిలోకి 100 గ్రాముల మామిడిపండు గుజ్జు కలిపితే 9 గ్రాముల ప్రోటీన్ 7.5కి దిగుతుంది. పచ్చి అనాసలోని బ్రొమెలైన్, బొప్పాయిలోని పపైన్ కేసిన్‌ను ముక్కలు చేస్తాయి. కొన్ని గంటల్లోనే పెరుగు జారుగా, చేదుగా మారుతుంది. అనాస ముక్కలను ముందే ఉడికిస్తే ఆ బెడద ఉండదు. బొప్పాయిని తినేముందు కలుపుకోవడమే మేలు. ప్రోటీన్ లెక్క ముఖ్యమనుకుంటే వేయించిన జీలకర్ర, మిరియాల పొడి, చల్లారిన ఆవాలు కరివేపాకు తాలింపు నయం. వీటితో నీరు చేరదు, రుచీ తెలుగు నాలుకకు కొత్త కాదు.

గిన్నెలోకి దిగిన తేట పసుపుపచ్చగా ఉంటుంది. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది. పాల చక్కెరలో చాలా భాగంతో పాటు, పులుపుకు కరిగిన కాల్షియం కూడా అందులోకే పోతుంది. ఆ తేటను చపాతీ పిండి కలపడానికో, మజ్జిగ పులుసుకో వాడుకోవచ్చు.