మిద్దె కారిన యింటికి ఎంత ఖర్చు?

క్రిందటి వానలలో మా తరగతి బాలిక యొకతె తడిసి ఉబ్బిన నోటుపుస్తకములతో బడికి వచ్చినది. "రాత్రి మిద్దె సోరింది అయ్యవారూ" అని తల వంచుకొన్నది. క్రొత్త పుస్తకములు కొనవచ్చును గదా అంటిమి. ఆ సొమ్ము నెల క్రిందటనే గోడకు రంగు వేయించుటకై ఖర్చయినదట. రంగు వేసిన గోడయే మరల తడిసినది, పుస్తకములును తడిసినవి. ఈ వ్యాసమునకు ఆ మాటయే కారణము.

'సోరు' అను మాట కన్నడము. మా జిగణి, ఆనేకల్ ప్రాంతముల తెలుగువారి నోట అది తెలుగు క్రియవలెనే నిలిచిపోయినది. మేము చిత్తూరు జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఈ మాట పలికి తోడి విద్యార్థులచే నవ్వించుకొంటిమి. అచ్చట మిద్దె 'కారును'. కృష్ణాతీరమున ఇల్లు 'కురియును'. ఏ మాటతో చెప్పినను నీరు చేయు పని యొక్కటే కనుక, పిల్లలు తమ మాటను విడువనక్కరలేదు.

ముందుగా ఒక లెక్క. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు గల మిద్దె వైశాల్యము సుమారు 55 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది సరిగా ఒక లీటరు నీరు. ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడినచో, ఆ మిద్దెపై 2,800 లీటర్ల దాపుగా నీరు పడునన్నమాట. పదునైదు లీటర్ల బిందెలతో ఎత్తి పోయవలసివచ్చినచో అవి నూట ఎనుబదికి పైగా బిందెలు. ఇంత నీరును పిట్టగోడ మొదట నున్న ఒకటి రెండు గొట్టములద్వారా దిగవలెను. ఒక గొట్టములో వేపాకులు, కాకి తెచ్చిన పుల్లలు, చిరిగిన ప్లాస్టిక్ సంచి అడ్డుపడినచో నీరు నిలుచును. నిలిచిన నీరు దారి వెదకుకొనును. వెండ్రుకవాసి బీటయైనను దానికి చాలును.

మా తాతగారు కట్టించిన యింట మాకే జరిగిన కథ చెప్పెదము. వంటింటి ప్రక్కగోడపై అరచేతియంత పసుపు మచ్చ కనబడినది. రంగు వేయించితిమి, 4,500 రూపాయలైనవి. మరుసటి యేడు మచ్చ పళ్లెమంతయైనది. పెచ్చులు గీకించి మరల రంగు వేయించితిమి, 5,000. మూడవయేట, తేమ నాపునని అంగడివాడు చెప్పిన ఖరీదైన రంగు తెచ్చితిమి, కూలితో 6,000. మొత్తము 15,500 రూపాయలు పోసితిమి గాని, మచ్చ మాత్రము మమ్ము విడిచిపోలేదు. నాలుగవయేట వచ్చిన ముదుసలి మేస్త్రి గోడవంక చూడనైనను చూడక నిచ్చెన వేసికొని పైకి పోయెను. అరగంట తరువాత పైనుండియే కేకవేసెను: "అయ్యవారూ, గోడకేం రోగం లేదు. రోగమంతా మిద్దెపైన ఉండాది!"

నీటిగొట్టపు నోరు మట్టితో పూడియున్నది. పిట్టగోడయు మిద్దెయు కలియు మూలలో జానెడు పొడవున బీట యున్నది. ఆ మూలను కొట్టి, సిమెంటుతో గుండ్రముగా మెత్తి, గొట్టమునకు జల్లెడమూత బిగించుటకు మేస్త్రికి 1,200, కూలికి 800, సామగ్రికి 1,100, వెరసి 3,100 రూపాయలైనవి. మూడుమార్లు చదువుకొన్నవారమయ్యును మేము చేయలేని భాగాహారమును ఆయన ఒక్క పూటలో చేసి చూపెను.

గోడ తడియుటకు కారణము లన్నియు మిద్దెపైననే యుండవు. తేమ ఎచ్చటనుండి వచ్చుచున్నదో మచ్చ రూపమే కొంత చెప్పును. పైకప్పునుండి వచ్చు తేమ వానకాలమున పెరిగి వేసవిలో తగ్గును. స్నానపుగది గొట్టము పగిలినచో వాన యున్నను లేకున్నను మచ్చ తడిగానే యుండును. ఇంటి కొళాయిలన్నియు కట్టి రాత్రియంతయు ఉంచినను నీటి మీటరు తిరుగుచున్నచో గొట్టములలో ఎచ్చటనో కారుచున్నదని నిశ్చయింపవచ్చును. పునాదినుండి ఎగబ్రాకు తేమ మూడవ రకము. ఇది నేలనుండి రెండు మూడడుగుల యెత్తువరకు పట్టీవలె వ్యాపించును, పైన తెల్లని ఉప్పు పొంగును. దీపపువత్తి నూనెను పీల్చునట్లు ఇటుక నేలలోని నీటిని పీల్చును. నీరు ఆరిపోవును, అది తెచ్చిన ఉప్పు గోడలో మిగిలి సున్నపుపూతను లోపలనుండి త్రోసివేయును.

మన యూర గ్రానైటు కోయు కర్మాగారములు మిక్కుటముగా నున్నవి. తునుకలు చవుకగా దొరకుటచే, పలువురు ఇట్టి తడిగోడకు రాతిపలకలు అతికించి మచ్చను మరుగుపరచుచున్నారు. చూపునకు అందముగానే యుండును. కాని పలక వెనుక ఆరుటకు తావు లేక తేమ పలకను దాటి మరింత పైకి ఎక్కును. రెండడుగుల రోగము నాలుగడుగులగును. ఆ డబ్బుతో ఇంటిచుట్టు నేలను గోడనుండి బయటికి వాలుగా చేయించుకొనుట మేలని మా అభిప్రాయము.

కాంక్రీటు కప్పు గలవారు మరియొక సంగతి గమనింపవలయును. లోని యినుపకడ్డీకి నీరు తగిలినచో తుప్పు పట్టును. ఇనుము తుప్పుగా మారునపుడు రెండింతలకు మించి ఉబ్బి, క్రిందనున్న సిమెంటును పగులగొట్టును. కప్పునుండి పెచ్చు రాలి కడ్డీ కనబడినచో అది రంగుల పని కాదు. ఇంజనీరును పిలువవలసిన పని. ఆ గదిలో పిల్లలను పరుండనీయరాదు.

వరద మాట వేరు. 2024 సెప్టెంబరు మొదట విజయవాడలో బుడమేరునకు గండ్లు పడి సింగ్ నగర్ ప్రాంతమంతయు దినములతరబడి నీట నిలిచినది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నేల అంతస్తు మునిగిన కుటుంబమునకు 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించినది. మంచము, బీరువా, పొయ్యి, శీతలయంత్రము, గోడలు అన్నియు చెడిన యింటికి ఆ సొమ్ము ఎంతవరకు వచ్చునో తల్లులను అడిగిన చాలును. దేశమంతటికిని 2022-26 సంవత్సరములకు ఏర్పరచిన విపత్తు సహాయ నియమములలో, పాక్షికముగా చెడిన పక్కా యింటికి 6,500 రూపాయలు మాత్రమే; అదియు కనీసము నూటికి పదునైదు వంతులు చెడినచో. మన మిద్దెమూల బీటకు ఆ లెక్కలో చోటే లేదు.

2021 ఏప్రిల్ నుండి 'భారత్ గృహ రక్ష' అను భీమా అమలులో నున్నది. వరదయు, హఠాత్తుగా నీటితొట్టి లేక గొట్టము పగులుటయు దానిలో చేరినవి. ఏండ్లతరబడి మెల్లగా ఎక్కిన చెమ్మ చేరదు. కనుక గొట్టము పగిలినచో శుభ్రముచేయుటకు ముందే ఛాయాచిత్రములు తీసికొని, తేదీతో రసీదులు దాచుకొనుడు.

కర్మాగారములలో పనిచేయుచు వఠారములలో అద్దెకున్న తలిదండ్రులు మన పాఠశాలలో పెక్కుమంది. ఇల్లు విడుచునపుడు 'రంగుల ఖర్చు' అని ముందు చెల్లించిన సొమ్ములో ఒక నెల అద్దె కోసికొనుట ఈ ప్రాంతపు వాడుక. 2021లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన నమూనా అద్దె చట్టములో కట్టడపు మరమ్మతు, గోడల వెల్ల, గొట్టముల మార్పు యజమాని పాలు. కొళాయి వాషరు, కాలువ శుభ్రము అద్దెదారు పాలు. నమూనా గనుక రాష్ట్రము చట్టము చేసిననే తప్ప అది కట్టుబాటు కాదు. అయినను ఇల్లు చేరు దినముననే గోడల మచ్చలను యజమానికి చూపి, ఒప్పందపు కాగితమున వ్రాయించుకొనుటను ఎవ్వరును కాదనరు. ఆ కాగితము కన్నడమున నున్నచో ఇంట చదువుకొన్న బిడ్డచేత చదివించుకొనుడు. మన పిల్లలు రెండు లిపులును ఎరుగుదురు.

బెంగళూరు ప్రాంతమున వానలు సెప్టెంబరులో అధికము. గొట్టపునోరు చూచుటకు ఆగస్టులో ఒక్క ఆదివారము చాలును. పిల్లలు మాత్రము ఒంటరిగా మిద్దె ఎక్కరాదు. తడిసిన నాచు మీద కాలు నిలువదు.

తడిసిన ఇటుకగోడ అంగుళమునకు ఇంచుమించు ఒక నెల చొప్పున ఆరునని ఉజ్జాయింపు లెక్క యొకటి కలదు. మన యెండకు ఇంకను త్వరగా ఆరవచ్చును. మా గోడ తొమ్మిదంగుళములది. బీట పూడ్చియు ఆరు నెలలే అయినది గనుక ఆ పసుపు మచ్చ ఇంకను అట్లే యున్నది. ఇంటికి వచ్చిన చుట్టములు "అయ్యవారి గోడకు రంగు వేయించరా?" అని అడుగుచునే యున్నారు. వచ్చు వేసవిలో చూచుకొందుమని చెప్పుచున్నాము.