బీప్ పడని బూతు

ఈ ఎపిసోడ్‌లో కొన్నిచోట్ల బీప్ వినిపిస్తుంది, కింద రాతలో అక్కడ చుక్కలు పెట్టాం. "సైట్‌లో పొద్దస్తమానం వినే మాటలే కదన్నా, ఎందుకు?" అంటారేమో. అందుకే ఇది.

మన దగ్గర సినిమాకి సెన్సార్ బోర్డు ఉంది. 1952 చట్టం కింద ముందే చూసి, బూతు వచ్చిన చోట మాట వినపడకుండా చేయిస్తారు. యూట్యూబ్, ఫేస్‌బుక్‌లో ఆ పని మిషన్ చేస్తుంది. తెలుగు బూతుని ఇంగ్లీషు అక్షరాల్లో అటూ ఇటూ మార్చి కొడితే చాలాసార్లు దానికి దొరకదు. వాట్సాప్‌లో అయితే మెసేజ్ తాళం వేసుకుని పోతుంది, మధ్యలో వడకట్టేవాళ్లే లేరు.

ఎవరూ ఆపలేదు కాబట్టి తప్పు కాదనుకోవద్దు. సౌదీలో 2007 నుంచి సైబర్ నేరాల చట్టం ఉంది. ఫోన్ ద్వారా ఎదుటివాళ్ల పరువు తీస్తే మూడో ఆర్టికల్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా, లేదా రెండూ. మతాన్ని, మర్యాదని దెబ్బతీసేలా పెడితే ఆరో ఆర్టికల్: 5 ఏళ్లు, 30 లక్షల రియాళ్ల దాకా.

జీతం లేటైందని ఫోర్‌మన్‌ని తిడుతూ గ్రూపులో వాయిస్ పెట్టారనుకోండి. జీతం మాట పక్కకి పోయి, తిట్టు కేసు ముందుకొస్తుంది. డిలీట్ కొట్టేలోపు ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేసే ఉంటారు.

కోపం వస్తే ఫోన్ పక్కన పెట్టండి. ఏ నెల జీతం, ఎంత రావాలి, అంతవరకే రాయండి. మిమ్మల్ని ఎవరైనా తిడితే తిరిగి తిట్టొద్దు. ఆ మెసేజ్ దాచి, కుల్లునా అమ్న్ యాప్‌లోనో పోలీస్ స్టేషన్‌లోనో కంప్లయింట్ ఇవ్వండి.