ఇల్లెందు బొగ్గులో గాలి కథ.. మనం పీల్చే ఆక్సిజన్‌కు, గనులకు లింకేంటి?

ఖమ్మం నుంచి ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్తుంటే ఒకపక్క టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి.. మరోపక్క సింగరేణి గనులు. అడవి ఆక్సిజన్ ఇస్తుంది, బొగ్గు పొగ ఇస్తుందని అందరూ అనుకుంటారు. కానీ గాలిలో ఇంత ఆక్సిజన్ మిగలడానికి అసలు కారణం.. కోట్ల ఏళ్ల క్రితం భూమిలో పూడిపోయిన జీవజాలమే. బొగ్గు కూడా అందులో భాగమే.

మొదట్లో ఆక్సిజనే లేదు

భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు. తొలినాళ్లలో అగ్నిపర్వతాలు కక్కిన నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ వంటి వాయువులే గాలి. భూమి చల్లబడ్డాక ఆవిరి వానై కురిసింది, సముద్రాలు ఏర్పడ్డాయి. ఆ నీళ్లలో సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఎండ సాయంతో ఆహారం తయారు చేసుకుంటూ ఆక్సిజన్ వదిలాయి. అయితే అది వెంటనే గాలిలోకి చేరలేదు. సముద్రంలో కరిగి ఉన్న ఇనుము దాన్ని లాగేసుకుని, తుప్పుగా మారి అడుగున పేరుకుంది. దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం నుంచే గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది.

కుళ్లితే లెక్క సరి.. పూడితేనే మిగులు

చెట్టు పెరిగేటప్పుడు ఆక్సిజన్ వదులుతుంది. అది చచ్చి కుళ్లినా, కాలినా దాదాపు అంతే ఆక్సిజన్‌ను గాలి నుంచి వెనక్కి తీసుకుంటుంది. అంటే మిగులు సున్నా! కుళ్లకముందే బురద కింద పూడిపోతేనే దాని వాటా ఆక్సిజన్ గాలిలో మిగిలిపోతుంది. ఇది ఎక్కువగా జరిగింది సముద్రాల అడుగున. చిత్తడి అడవుల్లోనూ జరిగింది.

గోదావరి లోయ కథ ఇదే. సుమారు 28 కోట్ల ఏళ్ల క్రితం మన దేశం ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా ఖండంలో ఉండేది. అప్పటి గ్లోసాప్టెరిస్ చెట్లు చిత్తడిలో పడి, మట్టి బరువుకు, లోపలి వేడికి బొగ్గయ్యాయి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది.

మరి ఇప్పుడేం జరుగుతోంది?

పాల్వంచ, మణుగూరు పవర్ ప్లాంట్లలో బొగ్గు మండుతుంటే ఆ పాత లెక్క వెనక్కి తిరుగుతోంది. ఒక కిలో కార్బన్ పూర్తిగా కాలితే గాలిలోని 2.67 కిలోల ఆక్సిజన్ దానికి తోడై, 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

అలాగని ఆక్సిజన్ అయిపోతుందా? భయం లేదు. గాలిలో అది దాదాపు 21 శాతం ఉంది. చిక్కంతా కార్బన్ డయాక్సైడ్‌తోనే. దాని వాటా 0.04 శాతమే కాబట్టి కాస్త కలిసినా పెద్ద మార్పే. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండేది, ఇప్పుడు 420 దాటింది. ఇది భూమి వేడిని బయటకు పోనివ్వదు. అసలే ఎండలకు పేరుపడ్డ కొత్తగూడెంలో ఈ వేడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అడవి ఎందుకు ముఖ్యం?

అడవి గాలిలో కొత్తగా ఆక్సిజన్ పెంచకపోయినా.. కార్బన్‌ను కాండంలో, వేళ్లలో, మట్టిలో పట్టి ఉంచుతుంది. నరికి కాలిస్తే అదంతా గాలిలోకే. గనుల మట్టి దిబ్బలపై సింగరేణి మొక్కలు నాటుతోంది. అవి చెట్లై కార్బన్ పట్టడానికి దశాబ్దాలు కావాలి. బొగ్గు పొర ఏర్పడటానికి వేల, లక్షల ఏళ్లు పట్టింది. బాయిలర్‌లో మండటానికి మాత్రం క్షణాలు చాలు.